అందరికీ వందకు వంద వచ్చాయి, లేబుల్ మాత్రం మారిపోయింది

ప్రశ్న: మాది చిన్న బేకరీ. కుకీలు, కేకులు, బ్రెడ్డు తయారుచేసి ప్యాక్ చేసి దుకాణాలకు వేస్తాం. నాతో కలిపి తొమ్మిదిమందిమి పనిచేస్తాం. మా సరుకు తీసుకునే ఒక పెద్ద దుకాణం వాళ్లు, అలర్జీ లేబుళ్ల మీద సిబ్బందికి శిక్షణ ఇప్పించి సర్టిఫికెట్లు చూపించమన్నారు. ఆన్‌లైన్‌లో ఒక ఇంటరాక్టివ్ కోర్సు దొరికితే అందరిచేతా చేయించాను. బొమ్మలు, నొక్కితే తెరుచుకునే కార్డులు, చివర్లో పరీక్ష అన్నీ ఉన్నాయి. గంటలోపే ముగించారు. దాదాపు అందరికీ వందకు వంద వచ్చాయి. వారం తిరక్కుండానే బాదం కుకీల ప్యాకెట్లకు మామూలు వెన్న కుకీల లేబుల్ అంటించారు. ప్యాకింగ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి గమనించి ఆపింది కాబట్టి సరుకు గడప దాటలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ డిజిటల్ శిక్షణల వల్ల ఏమైనా ఉపయోగం ఉందా? ఉంటే మాలాంటి చిన్నవాళ్లం ఎలాంటిది ఎంచుకోవాలి? మావాళ్లలో ముగ్గురికి ఇంగ్లీషు రాదు, ఇద్దరు ఏ భాషైనా కూడబలుక్కునే చదువుతారు. ఈ గొడవంతా లేకుండా ప్రతి ప్యాకెట్ మీదా అన్ని పేర్లూ వేసి 'ఉండవచ్చు' అని రాసేస్తే సరిపోదా?
— ఒక బేకరీ యజమాని

సమాధానం: ముందు ఆ అమ్మాయి సంగతి అడగాలి. ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నారా? లేకపోతే ఈ జవాబు ఇక్కడితో ఆపి, ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి. మీ బేకరీలో ఇప్పటివరకు జరిగిన శిక్షణలో అన్నిటికంటే విలువైన ఘట్టం అదే. కొత్తగా చేరిన మనిషి, పెద్దవాళ్లు చేస్తున్న పనిని ఆపి 'ఇది తప్పు' అనగలిగింది. దానికి తగిన గౌరవం దక్కిందని మిగతా ఏడుగురూ చూస్తే, రేపు వాళ్లూ నోరు తెరుస్తారు. అదే సమయంలో లేబుల్ అంటించినవాళ్లను తిట్టి ఉంటే మాత్రం, ఇకమీదట తప్పులు తగ్గవు, మీకు తెలియకుండా దాగిపోతాయి.

ఇక మీ ప్రశ్న. డిజిటల్ శిక్షణ వల్ల ఉపయోగం ఉంది. కానీ మీవాళ్లు చేసిన కోర్సు నేర్పింది ఒకటి, మీ ప్యాకింగ్ బల్ల దగ్గర జరిగింది ఇంకొకటి. 'బాదం అలర్జీ కలిగిస్తుందా?' అని ఆ రోజు లేబుల్ వేసినవాళ్లను నిద్రలో లేపి అడిగినా అవుననే చెబుతారు. తెలియకపోవడం వల్ల జరిగిన తప్పు కాదది. వెన్న కుకీలు అయిపోయాయి, బాదం కుకీలు మొదలయ్యాయి, మధ్యలో ఎవరూ లేబుల్ రోల్ మార్చలేదు. అలా మారే ఆ రెండు నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఇది మీ ఒక్కరి కథ కాదు. అమెరికాలో అలర్జీ లేబుళ్ల చట్టం వచ్చాక మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించిన సరుకులను అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు పరిశీలించి 2013లో ఒక విశ్లేషణ ప్రచురించారు. అందులో ఎక్కువసార్లు కనిపించినవి బేకరీ సరుకులు. లేబుల్ మీద చెప్పకుండా వదిలేసిన పదార్థాల్లో మొదటిది పాలు. కారణాల్లో ముందు వరసలో ఉన్నది సరిగ్గా మీకు ఎదురైనదే: లోపల సరుకు బాగానే ఉంది, పైన ప్యాకెట్టో లేబులో వేరేదానిది. దాని వెంట ఇంకొన్ని ఉన్నాయి. కొనుక్కొచ్చిన పదార్థంలో ఏమేం ఉన్నాయో అవి మన లేబుల్ మీదికి రాకపోవడం, పాలపొడి అని స్పష్టంగా చెప్పాల్సిన చోట చదివేవాడికి అర్థం కాని సాంకేతిక పదం వాడడం, ముందు బ్యాచ్ అవశేషాలు గిన్నెల్లో మిగిలిపోవడం, సరుకు పంపినవాళ్ల లేబులే తప్పుగా ఉండడం.

వీటిలో ఏ ఒక్కటీ పేర్ల జాబితా కంఠస్థం చేస్తే ఆగే తప్పు కాదు. అందుకే ఏ కోర్సు కొనబోయినా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ కోర్సు నా మనిషిని తప్పు జరిగే చోట నిలబెడుతుందా, లేక పేర్లు మాత్రమే వల్లె వేయిస్తుందా?

పునాది కోసం డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు. బ్రిటన్‌లోని ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ఆహార అలర్జీల మీద ఉచితంగా ఆన్‌లైన్ శిక్షణ ఇస్తోంది. ఆస్ట్రేలియాలోని నేషనల్ అలర్జీ కౌన్సిల్ 'ఆల్ అబౌట్ అలర్జెన్స్' పేరుతో ఉచిత కోర్సులు నడుపుతోంది. అలర్జీ అంటే ఏమిటి, శరీరంలో ఏం జరుగుతుంది, ఒక పదార్థం ఇంకోదానికి ఎలా అంటుకుంటుంది, ఇలాంటి సంగతులు ఏ దేశంలోనైనా ఒకటే. ముందు మీరు చేయండి. యజమాని చేయని కోర్సును పనివాళ్లు సర్టిఫికెట్ కోసమే చేస్తారు.

కానీ ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఒక దేశం కోసం తయారైన కోర్సులో ఆ దేశపు జాబితాయే ఉంటుంది. ఐరోపా యూనియన్ 1169/2011 నిబంధన ప్రకారం తప్పక చెప్పాల్సినవి 14. వాటిలో ఆవాలు, నువ్వులు, సెలరీ, లూపిన్ గింజలు, నత్తల జాతి కూడా ఉన్నాయి. పైగా పదార్థాల జాబితాలో వాటి పేర్లు మిగతా అక్షరాల కంటే కొట్టొచ్చినట్టు కనిపించాలి, సాధారణంగా బోల్డ్ అక్షరాలు వాడతారు. అమెరికాలో 2004 చట్టం 8 చెప్పింది, 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోది. అక్కడి జాబితాలో గోధుమ ఉంది గానీ బార్లీ లేదు. భారతదేశపు 2020 లేబులింగ్ నిబంధనల జాబితాలో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉండే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల జాతి, వేరుశనగ, బాదం, జీడిపప్పు లాంటి చెట్టు గింజలు, సోయా, నిల్వ కోసం వాడే సల్ఫైట్లు ఉన్నాయి, నువ్వులు, ఆవాలు లేవు. అంతర్జాతీయ ప్రమాణాలు రాసే కోడెక్స్ సంస్థ 2024లో తన జాబితాను సవరించి నువ్వులను ముఖ్యమైనవాటిలో చేర్చింది, సోయాను అందులోంచి తీసి రెండో వరసలో పెట్టింది. అంటే జాబితాలు దేశాన్ని బట్టే కాదు, కాలాన్ని బట్టి కూడా మారుతుంటాయి. అందుచేత కోర్సు చేసిన రోజే మీ సరుకు అమ్ముడయ్యే చోటి నిబంధన తెచ్చి పక్కన పెట్టుకుని రెండూ పోల్చండి. రెండు చోట్ల అమ్ముతుంటే పెద్ద జాబితానే మీ జాబితా చేసుకోండి. నా అభిప్రాయం అడిగితే, చట్టం అడగకపోయినా నువ్వులు, ఆవాలు చెప్పేయడమే మంచిది. వాటికి అలర్జీ ఉన్న మనిషి చట్టం చదివి ప్యాకెట్ కొనడు.

సల్ఫైట్ల మాట కూడా మీకు అవసరమే. కేకుల్లో వేసే ఎండు పండ్లు, ముఖ్యంగా రంగు మారకుండా ఉండే ఎండు ఆప్రికాట్లు, లేత రంగు కిస్మిస్‌లకు చాలాసార్లు సల్ఫైట్ల కోవకే చెందిన సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. కిలోకు 10 మిల్లీగ్రాములు దాటితే చెప్పాలన్నది చాలా దేశాల నిబంధన. బేకరీలవాళ్లు పాలు, గుడ్లు, గోధుమ గుర్తుపెట్టుకుని దీన్ని మరిచిపోతుంటారు.

ఇప్పుడు 'ఇంటరాక్టివ్' విషయానికి వద్దాం. మీరు వర్ణించిన కోర్సులో కార్డు నొక్కితే తెరుచుకుంటుంది, బొమ్మ లాగితే బుట్టలో పడుతుంది. అక్కడ పని చేసేది వేలు, బుర్ర కాదు. నిజంగా ఇంటరాక్టివ్ అనిపించుకోవాలంటే నేర్చుకునేవాడు ఒక నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం ఎక్కడికి దారితీసిందో చూడాలి, ఎందుకలా అయిందో తెలుసుకోవాలి. 'కింది వాటిలో చెట్టు గింజ ఏది?' అన్నది జ్ఞాపకశక్తికి పరీక్ష. 'సాయంత్రం ఐదైంది, వ్యాన్ బయట నిలబడి ఉంది, బాదం కుకీల రోల్ అయిపోయింది, పాత డిజైన్ రోల్ ఒకటి అరలో ఉంది, ఏం చేస్తారు?' అన్నది పనికి పరీక్ష. రెండో ప్రశ్నకు ఇచ్చే జవాబులన్నీ చూడగానే సబబుగా అనిపించాలి. ఒకటి మాత్రమే మంచిదిగా కనిపించి మిగతావి వెర్రిగా ఉంటే అది నిర్ణయం కాదు. తప్పు ఎంచుకున్నప్పుడు ఎర్ర గుర్తు చూపించి ఊరుకునే కోర్సు వద్దు. 'పాత డిజైన్‌లో సోయా లేదు, ఎందుకంటే అప్పటికి మనం చాక్లెట్ మార్చలేదు' అని కారణం చెప్పేది కావాలి.

మార్కుల గురించి కూడా ఒక మాట. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత మళ్లీ చదివించారు, కొందరిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీవాళ్లకు పరీక్ష ఎప్పుడు పెట్టారు? కోర్సు ముగిసిన మరుక్షణం. ఆ వంద మార్కులు వారం తర్వాత ఎంత మిగిలాయో ఎవరూ చూడలేదు. అందుకే నేను మిమ్మల్ని కోరేది గంట కోర్సు ఇంకొకటి కాదు, వారానికి మూడు నిమిషాలు.

మీరే తయారుచేసుకోండి. ఇది వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ కాదు. ఫోన్‌లో గూగుల్ ఫామ్స్ ఉచితం. అందులో క్విజ్ పెట్టవచ్చు, ఫొటో అతికించవచ్చు, ఇచ్చిన జవాబును బట్టి వేరే పేజీకి పంపవచ్చు, తప్పు జవాబు పక్కన కారణం రాయవచ్చు. ఇంకొంచెం హంగు కావాలంటే హెచ్‌5పీ అనే ఓపెన్ సోర్స్ సాధనం ఉంది, అందులో దారులు చీలే కథలు కట్టవచ్చు. కానీ అసలు ముడిసరుకు మీ బేకరీలోనే ఉంది: మీ లేబుళ్ల ఫొటోలు, మీ సంచుల వెనక ఉన్న పదార్థాల జాబితాలు, మీ బల్ల, మీ ట్రేలు. తెలియని కంపెనీ బొమ్మ చూపిస్తే పనివాడు దాన్ని పాఠంగా చూస్తాడు. తను రోజూ ముట్టుకునే సంచి కనిపిస్తే పనిగా చూస్తాడు.

ఎలాంటి ప్రశ్నలు అంటారా? మీ పని తెలిసిన మీకు నాకంటే మంచివి తడతాయి, కొన్ని మాత్రం నేను చెబుతాను.

మార్గరిన్ మారింది. ఎప్పుడూ వచ్చేది దొరక్క సరుకు వేసేవాళ్లు వేరే రకం పంపారు. రెండు సంచుల వెనక వైపు ఫొటోలు పక్కపక్కన పెట్టండి. కొత్తదాంట్లో 'వే పౌడర్' అని ఉంది. అది పాలలోంచి వచ్చిందే. మార్గరిన్ అంటే నూనె కదా అని వాడేస్తే మీ పాలు లేని బ్రెడ్డు ఇక పాలు లేనిది కాదు. సరైన జవాబు సరుకు పక్కన పెట్టడం, మీకు చెప్పడం. ఈ ప్రశ్నకు ఒక కొనసాగింపు కూడా పెట్టండి: మీరు ఊళ్లో లేరు, ఫోన్ ఎత్తడం లేదు, అప్పుడు? మీ దగ్గర ఆ జవాబు లేకపోతే అది శిక్షణలో లోపం కాదు, మీ ఏర్పాటులో లోపం. మీ తర్వాత ఎవరు నిర్ణయిస్తారో ముందే పేరు పెట్టి చెప్పాలి.

చాక్లెట్ అదే, కంపెనీ అదే, సంచి రంగు మాత్రం మారింది. ఎవరైనా వెనక్కి తిప్పి చూశారా? రోజూ వచ్చే సరుకుల్లోనూ పదార్థాలు మారుతుంటాయి. ప్రతి కొత్త లాట్ వచ్చినప్పుడు వెనక చదవడం అనే అలవాటు ఒక్క ప్రశ్నతో రాదు, అందుకే ఈ ప్రశ్నను రూపం మార్చి మళ్లీ మళ్లీ అడగండి. కేసిన్, వే, లాక్టోజ్ అంటే పాలు. ఆల్బుమిన్ అంటే సాధారణంగా గుడ్డు. మాల్ట్ అంటే దాదాపు ఎప్పుడూ బార్లీ. తహిని అంటే నువ్వులు. లెసిథిన్ అని మాత్రమే రాసి ఉంటే అది సోయాదా, గుడ్డుదా, పొద్దుతిరుగుడుదా అని పంపినవాళ్లను అడగాలి. ఈ పేర్లు జాబితాగా ఇచ్చి చదవమంటే ఎక్కవు, సంచి ఫొటో మీద వేలు పెట్టి చూపించమంటే ఎక్కుతాయి.

విరిగిన కుకీల సంగతి బేకరీలకే ప్రత్యేకం. విరిగినవి, వంకర పోయినవి పొడి చేసి వేరే కేకు అడుగు భాగంలో వాడడం చాలా చోట్ల ఉన్నదే. ఆ పొడిలో బాదం కుకీలు ఎన్ని కలిశాయో ఎవరికీ గుర్తుండదు. కంటికి అన్నీ గోధుమరంగే. డబ్బా మీద పేరు లేని పొడి ఫొటో పెట్టి, 'దీన్ని దేంట్లో వాడవచ్చు?' అని అడగండి. జవాబు 'దేంట్లోనూ కాదు'. ఆ జవాబు ఇబ్బందిగా అనిపించిన రోజే డబ్బాలకు పేర్లు రాయడం మొదలవుతుంది.

శుభ్రం చేయడం గురించి రెండు అపోహలు ఉంటాయి, రెండూ ప్రమాదమే. ఓవెన్ వేడికి అంతా పోతుందన్నది ఒకటి. క్రిములు పోతాయి, అలర్జీ కలిగించే ప్రొటీన్ పోతుందని నమ్మడానికి లేదు. చేతులకు జెల్ రాసుకుంటే చాలన్నది రెండోది. జెల్ క్రిములను చంపుతుంది, బాదం పొడిని చేతి మీద నుంచి తీసెయ్యదు. సబ్బు, నీళ్లతో కడిగితేనే పోతుంది. బల్లలూ అంతే, పొడిగుడ్డతో తుడిస్తే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోతుంది.

ఇంకొకటి 'వీగన్', అంటే పాలు, గుడ్లు లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ వేయనిది. ఒకరు ఫోన్ చేసి 'మా బాబుకు పాలు పడవు, మీ వీగన్ కేకు పెట్టవచ్చా?' అని అడుగుతారు. ఆ కేకులో పాలు వేయలేదు నిజమే. కానీ అదే మిక్సర్‌లో అంతకుముందు వెన్న కలిపారా? వీగన్ అన్నది తినేవాళ్ల నియమం గురించి చెప్పే మాట, అలర్జీ ఉన్నవాళ్లకు ఇచ్చే హామీ కాదు. గ్లూటెన్ ఫ్రీ అన్న మాట ఇంకా జాగ్రత్తగా వాడాలి. కోడెక్స్ ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. గోధుమపిండి గాల్లో ఎగిరే గదిలో, పరీక్ష చేయించకుండా ఆ మాట రాయవద్దు.

ఇలాంటి ఫోన్‌లకు మీవాళ్లు నోట రానివ్వకూడని జవాబు 'ఉండదనుకుంటా'. రావలసిన జవాబు 'చూసి చెబుతాను, లైన్‌లో ఉండండి'. దీన్ని తెర మీద కాదు, నోటితో సాధన చేయించండి. ఒకరు తల్లిగా అడగాలి, ఒకరు జవాబు చెప్పాలి. డిజిటల్ శిక్షణ చేయలేని పని ఇది, ఐదు నిమిషాలు చాలు.

ఒక్క పదార్థం రాయకపోతే ఏమవుతుందో మీవాళ్లకు చెప్పడానికి భయపెట్టే వీడియోలు వద్దు. జరిగినది ఒకటి నెమ్మదిగా చెప్పండి. బ్రిటన్‌కు చెందిన నటాషా ఎడ్నాన్-లపెరూజ్ అనే 15 ఏళ్ల అమ్మాయి 2016లో ఒక బగెట్ శాండ్‌విచ్ తిని చనిపోయింది. ఆమెకు నువ్వులు పడవు. నువ్వులు రొట్టె పిండిలోనే కలిసి ఉన్నాయి కాబట్టి పైకి కనిపించలేదు, ప్యాకెట్ మీద రాసి లేదు. అమ్మే చోటే తయారుచేసి ప్యాక్ చేసేవాటికి ఆ వివరం రాయాల్సిన పని లేదని అప్పటి నిబంధన. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో, ఆమె పేరుతోనే పిలిచే చట్టం 2021 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది, అలాంటి ప్యాకెట్ల మీద కూడా పదార్థాలన్నీ రాసి అలర్జీవి ప్రత్యేకంగా కనిపించేలా చూపాలి. ఇది చెప్పాక మీరు ఇంకేం అనాల్సిన అవసరం ఉండదు.

భాష విషయం. ఇంగ్లీషు రాని ముగ్గురికి కూడా వందకు వంద వచ్చాయంటే, పక్కవాళ్లు చెప్పారన్న మాట. అందులో వాళ్ల తప్పు లేదు. అర్థం కాని భాషలో పరీక్ష పెడితే మనం కొలిచేది అలర్జీ జ్ఞానం కాదు. ప్రశ్నను మీ గొంతుతో, వాళ్లు మాట్లాడే భాషలో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. ఫొటో ఒకటి, మీ గొంతు ఒకటి, జవాబు వాళ్ల గొంతుతోనే తిరిగి రావాలి. కూడబలుక్కుని చదివే ఇద్దరికి ఇది మరీ అవసరం. లేబుళ్ల దగ్గర వాళ్లు పనిచేస్తుంటే, చదవడం మీద ఆధారపడని గుర్తు ఒకటి పెట్టండి. బాదం ఉన్న సరుకు ట్రేకు ఒక రంగు పట్టీ, దాని లేబుల్ రోల్ మధ్య గొట్టానికీ అదే రంగు. రెండు రంగులు కలవకపోతే చదవడం రానివారు కూడా ఆపగలరు. అయితే రంగు అదనపు కాపలా మాత్రమే, చదివి సరిచూసే మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఇక 'అన్నీ ఉండవచ్చు' అని రాసేయడం. వద్దండీ. మీ భయం అర్థమవుతోంది, కానీ ఇది మిమ్మల్ని కాపాడదు. మొదటిది, కావాలని వేసిన పదార్థానికి 'ఉండవచ్చు' అనడం తప్పు లేబుల్, అది 'ఉంది' అనే చెప్పాలి. మీ బాదం కుకీలు వెన్న కుకీల ప్యాకెట్‌లో వెళ్లి ఉంటే 'బాదం ఉండవచ్చు' అన్న మాట మీ తప్పును ఒప్పు చేయదు. రెండోది, అన్నిటి మీదా అదే మాట చూసి చూసి అలర్జీ ఉన్నవాళ్లు దాన్ని నమ్మడం మానేస్తారు. మీ దగ్గర నిజంగా ప్రమాదం ఉన్న ఒక్క ప్యాకెట్ మీద రాసినా అప్పుడు లెక్కచేయరు. మూడోది, వాళ్లకు తినగలిగేవి అసలే తక్కువ. అకారణంగా ఇంకొన్ని తలుపులు మూయడం అన్యాయం. అమెరికాలో నువ్వుల నిబంధన వచ్చినప్పుడు కొన్ని కంపెనీలు యంత్రాలు విడిగా శుభ్రం చేసే బాధ తప్పించుకోవడానికి, అంతకుముందు నువ్వులు లేని బ్రెడ్డులోనూ కొంచెం నువ్వుల పిండి వేసి లేబుల్ మీద రాసేశాయి. చట్టానికి సరిపోయింది, నువ్వులు పడనివాళ్లు మాత్రం ఏళ్ల తరబడి తింటున్న బ్రెడ్డు పోగొట్టుకున్నారు. అలాంటి దారి మీరు పట్టకూడదని నా కోరిక.

'ఉండవచ్చు' అనే మాటకు ఒక పద్ధతి ఉంది. ముందు విడిగా ఉంచడం, కడగడం, తయారీ వరస మార్చడం అన్నీ చేయాలి. బాదం లేనివి ఉదయం, బాదం ఉన్నవి చివర్లో అన్న ఒక్క మార్పుతోనే ఎంతో తగ్గుతుంది. అన్నీ చేశాక కూడా మిగిలే ప్రమాదానికే, ఆ ఒక్క పదార్థం పేరుతో, ఆ మాట రాయాలి. ఎంత తక్కువ మోతాదు గురించి మాట్లాడుతున్నామో తెలియడానికి ఒక లెక్క చెబుతాను. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌వో కలిసి ఏర్పాటుచేసిన నిపుణుల బృందం ఇలాంటి హెచ్చరికలకు ఆధారంగా కొన్ని మోతాదులు సూచించింది. వేరుశనగ, పాలు, గుడ్లు, నువ్వులకు 2 మిల్లీగ్రాముల ప్రొటీన్, జీడిపప్పు, బాదం, అక్రోట్లకు 1 మిల్లీగ్రాము. వేరుశనగలో సుమారు నాలుగో వంతు ప్రొటీన్, అంటే 8 మిల్లీగ్రాముల పప్పు. గింజలో చిన్న ముక్క. కంటితో చూసి 'ఏం అంటలేదులే' అనగలిగిన మనిషి ఎవరూ లేరు.

శిక్షణ ఎంత బాగున్నా చేయలేని పనులు ఉన్నాయి, అవి మీ చేతిలోవి. రెండు లేబుల్ రోళ్లు ఒకే బల్ల మీద ఎప్పుడూ ఉండకూడదు. సరుకు మారేటప్పుడు పాత రోల్, పాత ప్యాకెట్లు, ఒక్కటి కూడా మిగలకుండా బల్ల మీద నుంచి పోవాలి. కొత్త సరుకు మొదటి ప్యాకెట్ లేబుల్‌ను, అంటించినవాళ్లు కాకుండా ఇంకొకరు రెసిపీ కాగితంతో సరిచూసి సంతకం పెట్టాలి. చివరి ప్యాకెట్ కూడా అలాగే. డిజైన్ మారిన పాత రోళ్లను 'ఎప్పుడైనా పనికొస్తాయి' అని అరలో దాచవద్దు, చింపేయండి. గోడ మీద ఒక పట్టిక ఉండాలి: ఒక వైపు మీ సరుకులు, పైన అలర్జీ పదార్థాలు, ఉన్నచోట గుర్తు. రెసిపీ మారిన రోజే పట్టిక, లేబుల్ రెండూ మారాలి, కింద తేదీ ఉండాలి. ఇదంతా వివరంగా కావాలంటే కోడెక్స్ 2020లో ఆహార వ్యాపారులకోసం అలర్జీ పదార్థాల నిర్వహణ మీద ఒక ఆచరణ నియమావళి ఇచ్చింది, చిన్నవాళ్లకూ పనికొస్తుంది. మీ వారం వారం ప్రశ్నలు సగం ఈ ఏర్పాటులోంచే పుడతాయి.

ఎప్పుడైనా తప్పు లేబుల్ బయటికి వెళ్లిపోతే చేయాల్సింది కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఆ బ్యాచ్ ఎక్కడెక్కడికి వెళ్లిందో పావుగంటలో చెప్పగలగాలి, దుకాణాలకు ఫోన్ చేసి అమ్మకం ఆపించాలి, అధికారులకు చెప్పాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని కబురొస్తే బేరమాడకుండా, వాదించకుండా, వెంటనే వైద్యానికి వెళ్లమని, ప్యాకెట్ పారేయవద్దని చెప్పాలి.

పెద్ద దుకాణంవాళ్లు అడిగిన సర్టిఫికెట్లు పంపండి, అవి అబద్ధం కాదు. వాటితో పాటు ఇంకో కాగితం జతచేయండి: మీరు వారం వారం అడిగిన ప్రశ్న, ఎవరు ఏం జవాబిచ్చారు, తప్పిన ప్రశ్నను మళ్లీ ఎప్పుడు అడిగారు, దానివల్ల బేకరీలో ఏం మార్చారు. సరుకు కొనే విషయంలో జాగ్రత్త ఉన్న మనిషి ఎవరైనా సర్టిఫికెట్ కంటే ఈ కాగితాన్నే ఎక్కువ నమ్ముతాడు. కోర్సు మళ్లీ ఏడాదికి ఒకసారి చేయిస్తే చాలు. కొత్త మనిషి చేరినప్పుడు మాత్రం ప్యాకింగ్ బల్ల దగ్గరికి పంపేముందే చేయించండి, చేరిన నెల తర్వాత కాదు.

మొదటి ప్రశ్న ఏది పెట్టాలో మీరు వెతుక్కోనక్కర్లేదు. ఆ రోజు బాదం కుకీల ప్యాకెట్ ఒకటి మిగిలి ఉంటే ఫొటో తీయండి, 'ఇందులో ఏం తప్పుంది, ఎక్కడ ఆపి ఉండవచ్చు?' అని అడగండి. సరైన జవాబు ఏమిటో చెప్పే రికార్డింగ్ మాత్రం మీరు చేయవద్దు, ఆ కొత్త అమ్మాయిచేత చేయించండి.